పొట్ట ఛాతీలోకి ఎక్కితే...

మాత్రలతో నెట్టుకురావాలా, ఆపరేషన్ చేయించుకోవాలా? హయటస్ హెర్నియా ఉన్న ప్రతి ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే చర్చ ఇది.

ఎండోస్కోపీ రిపోర్టు చేతికి రాగానే అందరి కళ్లూ చివరి రెండు లైన్ల మీదికే వెళ్తాయి. 'లాక్స్ ఎల్ఈఎస్. స్మాల్ హయటస్ హెర్నియా.' క్యాన్సర్ కాదు కదా అని ఊపిరి పీల్చుకునేలోపే ఆ చివరి మాట దడ పుట్టిస్తుంది. మనం ఎరిగిన హెర్నియా గజ్జల్లోనో బొడ్డు దగ్గరో ఉబ్బెత్తుగా కనిపించేది. మందులతో పోయేది కాదు, కోసి కుట్టాల్సిందే. చుట్టాల్లో ఎవరో ఒకరికి ఆ ఆపరేషన్ అయ్యే ఉంటుంది కాబట్టి దీనికీ అంతేననుకుంటాం. ఆస్పత్రి మెట్లు దిగకముందే ఫోన్లు మొదలు. వేలు విడిచిన మేనమామ "వెంటనే చేయించెయ్యరా, ముదిరితే కష్టం" అంటాడు. అమెరికాలో ఉన్న తోడల్లుడు "అస్సలు ఒప్పుకోకండి, మా ఆఫీసులో ఒకాయనకి వికటించింది" అంటాడు.

ఇద్దరి మాటా కాసేపు పక్కన పెట్టండి. ఈ హెర్నియా ఉన్నవాళ్లలో చాలామందికి జన్మలో ఆపరేషన్ అవసరం పడదు. కొద్దిమందికి తప్పదు, వాళ్లు వాయిదా వేస్తే ముప్పు. మధ్యలో ఇంకో గుంపు ఉంది. మాత్ర వేసుకుంటే రోజు గడుస్తుంది గానీ సుఖంగా గడవదు. తర్జనభర్జన అంతా వీళ్లదే. నాకూ ఈ హెర్నియా ఉంది, మూడు సెంటీమీటర్లది. నేను చేయించుకోలేదు. మా వదిన చేయించుకుంది. ఇద్దరం సరైన పనే చేశామని నా నమ్మకం.

ఒక తలుపు, రెండు తాళాలు

ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డంగా ఉదరవితానం ఉంటుంది. డాక్టర్లు డయాఫ్రమ్ అంటారు. మనం ఊపిరి తీసేది ప్రధానంగా ఈ కండరంతోనే. అన్నవాహిక గొంతు నుంచి దాదాపు పాతిక సెంటీమీటర్లు దిగి, ఈ కండరంలో ఉన్న ఒక రంధ్రం గుండా పొట్టలోకి వెళ్లి జీర్ణాశయాన్ని కలుస్తుంది. ఆ రంధ్రమే హయటస్. అన్నవాహిక చివర సొంతంగా ఒక బిగుతు కండరం ఉంది. రిపోర్టులో ఎల్ఈఎస్ అని రాసేది దాన్నే. సరిగ్గా అక్కడే బయటి నుంచి డయాఫ్రమ్ కూడా చుట్టూ పట్టి ఉంచుతుంది. ఒకే తలుపుకి రెండు తాళాలన్నమాట. రెండూ ఒకచోట ఉన్నంతకాలం తిన్నది కిందికి పోతుందే గానీ పైకి రాదు. వయసు మీద పడటంతోనో, బరువు పెరగడంతోనో, కాన్పులతోనో, ఏళ్ల తరబడి దగ్గుతోనో, మలబద్ధకంతో ముక్కడం వల్లనో ఆ రంధ్రం వదులైతే జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి ఎగబాకుతుంది. దాంతో లోపలి తాళం పైకి పోతుంది, బయటిది కిందే ఉండిపోతుంది. ఇక వంగినా పడుకున్నా ఆమ్లం పైకి తన్నుకొస్తుంది.

వందలో 95 వరకు ఈ జారుడు రకమే. కాసేపు పైకి పోతుంది, కాసేపటికి కిందికి దిగుతుంది. మిగతా కొద్దిమందిలో జీర్ణాశయం అన్నవాహిక పక్క నుంచి ఛాతీలోకి దూరుతుంది. దాని లెక్క వేరు, చివర్లో చెప్పుకుందాం.

రిపోర్టు గురించి ఒక మాట. రెండు సెంటీమీటర్లలోపు హెర్నియాని ఎండోస్కోపీలో కచ్చితంగా కొలవడం కష్టం. గొట్టం లోపలుండగా మనిషి ఓకరించినా, గాలి ఎక్కువ నింపినా, గట్టిగా ఊపిరి పీల్చినా లెక్క మారుతుంది. అదే మనిషికి ఆర్నెల్ల తర్వాత ఇంకొకరు చేస్తే 'నార్మల్' అని రావచ్చు. 'లాక్స్', అంటే వదులు, అన్నది కంటితో చూసి రాసిన అభిప్రాయం, కొలత కాదు. ఆ రెండు లైన్లు చూసి ఎవరైనా ఆపరేషన్ తేదీ ఇస్తామంటే, తేదీ తీసుకోకుండా ఇంటికి రావడమే మేలు.

అంతా గ్యాసేనా?

మన ఇళ్లలో బొడ్డుకీ మెడకీ మధ్య ఏం జరిగినా గ్యాసే. ఛాతీలో మంట గ్యాస్, పులితేన్పులు గ్యాస్, వీపు పట్టేసినా గ్యాసే. సోడా తాగు, ఈనో వేసుకో, వాము నమిలి వేడినీళ్లు పుచ్చుకో. సోడాతో ఒక తేన్పు వచ్చి హాయిగా ఉంటుంది నిజమే, ఆ తేన్పుతోపాటే ఇంకాస్త ఆమ్లం కూడా పైకొస్తుంది.

ఈ అలవాటులో అసలు ప్రమాదం వేరే ఉంది. గుండె, అన్నవాహిక ఛాతీలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. నొప్పి కబురు మోసే నరాల దారులూ చాలావరకు ఒకటే. ఏది నొప్పెట్టిందో మెదడే తేల్చుకోలేదు, ఇక మనమెంత? ఛాతీ మీద బరువు పెట్టినట్టున్నా, చెమటలు పట్టినా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా, మెట్లెక్కితే వచ్చి ఆగితే తగ్గినా ముందు ఈసీజీ. హెర్నియా ఉన్న మనిషికి గుండెపోటు రాదని ఎక్కడా రాసిపెట్టి లేదు.

మంట లేకుండానే ఈ జబ్బు వేరే వేషాల్లో కూడా వస్తుంది. పడుకోగానే దగ్గు, పొద్దున్నే బొంగురు గొంతు, నిద్రలో నోట్లోకి పుల్లటి నీళ్లు, మందులకు లొంగని ఆయాసం, పళ్ల లోపలివైపు పైపొర అరగడం. మా వదిన హైస్కూలు టీచరు. ఆమెకి మంట కొద్దిగానే ఉండేది. అసలు గొడవ వంగినప్పుడే. కింద పడ్డ సుద్దముక్క తీద్దామని వంగితే పొద్దున తిన్న ఇడ్లీ గొంతులోకి వచ్చేసేది. పిల్లల ముందు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బాత్రూముకి పరుగెత్తేది. రాత్రి దగ్గుతో లేచి గోడకి ఆనుకుని కూర్చునేది. చెవి ముక్కు గొంతు డాక్టరు చూశాడు, ఊపిరితిత్తుల డాక్టరు ఇన్హేలరు ఇచ్చాడు. కడుపు వైపు ఎవరూ చూడలేదు.

మా అపార్ట్‌మెంట్‌లో ఒక బామ్మగారికి మంటా లేదు, దగ్గూ లేదు. ఒంట్లో రక్తం లేదంతే. ఐరన్ మాత్రలు, అప్పుడప్పుడూ రక్తం ఎక్కించడం, మళ్లీ నీరసం. చివరికి ఎండోస్కోపీలో పెద్ద హెర్నియా బయటపడింది. డయాఫ్రమ్ అంచు ఒరుసుకునే చోట జీర్ణాశయం మీద గీతల్లా పుండ్లు పడి, కంటికి కనబడకుండా రక్తం కారుతోంది. వీటిని 1986లో అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టరు కామెరాన్ వివరించాడు, ఆయన పేరుతోనే కామెరాన్ పుండ్లు అంటారు. పెద్ద వయసులో కారణం తెలియని రక్తహీనత ఉంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మాత్ర వేసుకునే వేళ

ఒమెప్రజోల్ 1988లో స్వీడన్‌లో మార్కెట్లోకి వచ్చింది. అంతకుముందు జెలూసిల్, ర్యానిటిడిన్‌లతో కాలక్షేపం చేసినవాళ్లకి అది అద్భుతమే. ఆమ్లాన్ని తయారుచేసే కణాల్లోని పంపులనే అది మూసేస్తుంది. ఇప్పుడు మన మెడికల్ షాపుల్లో దాని బంధువు పాంటోప్రజోల్‌ది రాజ్యం. 'పాన్ ఫార్టీ' అడగని ఇల్లు తక్కువ.

అడుగుతారు సరే, ఎప్పుడు వేసుకుంటున్నారు? బిర్యానీ తిన్నాక, మంట మొదలయ్యాక. ఈ మందు పనిచేస్తున్న పంపునే పట్టుకోగలదు, నిద్రపోతున్న పంపుని పట్టుకోలేదు. పంపులు మేలుకునేది మనం తిన్నప్పుడు. ఆ సమయానికి మందు రక్తంలో సిద్ధంగా ఉండాలి. అందుకే పరగడుపున, టిఫినుకి అరగంట ముందు వేసుకోమంటారు. భోజనం తర్వాత వేసుకున్న మాత్ర సగం వృథా.

ఇదేమంత పెద్ద విషయం అనుకుంటే 2019లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధన ఫలితం చూడాలి. ఒమెప్రజోల్‌తో మంట తగ్గడం లేదని వచ్చిన 366 మందిని తీసుకున్నారు. వాళ్లలో 42 మందికి మాత్ర ఎలా వేసుకోవాలో సరిగ్గా చెప్పి రెండు వారాలు ఇస్తే మంట పోయింది. ఇంకో 99 మందికి పరీక్షలన్నీ చేసి చూస్తే ఆమ్లం పైకి రావడమే లేదు, నరాలు అతిగా స్పందించడం వల్ల వచ్చిన మంట అది. కొందరికి అన్నవాహికలో వేరే జబ్బులున్నాయి. ఇలా వడపోయగా పోయగా చివరికి 78 మంది మిగిలారు. వాళ్లలో ఆపరేషన్ చేసినవాళ్లలో 67 శాతానికి గుణం కనిపించింది. మందులు మార్చి పెంచినవాళ్లలో 28 శాతానికే.

ఈ అంకెల్లో సగమే చదివి 'ఆపరేషనే మేలు' అనేవాళ్లుంటారు. నాకు మాత్రం ఆ 366 కాస్తా 78 కావడమే ముఖ్యంగా కనిపిస్తుంది. మాత్ర పనిచేయడం లేదంటున్నవాళ్లలో చాలామందికి కత్తి కూడా పనిచేయదు.

'ఏళ్ల తరబడి వేసుకుంటే కిడ్నీలు పోతాయట, ఎముకలు గుల్లవుతాయట' అన్న భయం ఇంకొకటి. చాలామంది ఆపరేషన్ వైపు చూసేది ఈ భయంతోనే. పాత రికార్డులు తిరగేసి చేసిన అధ్యయనాల్లో అలాంటి సంబంధాలు కనిపించిన మాట నిజం. అయితే పాంటోప్రజోల్‌నీ ఉత్తుత్తి మాత్రనీ పోల్చి, పదిహేడు వేల మందికి పైగా రోగుల్ని మూడేళ్లు గమనించిన పెద్ద పరిశోధన ఫలితాలు 2019లో వచ్చాయి. పేగుల్లో ఇన్ఫెక్షన్లు కాస్త పెరగడం తప్ప వేరే తేడా తేలలేదు. దీర్ఘకాలం వాడేవాళ్లు బి12, మెగ్నీషియం అప్పుడప్పుడు చూపించుకోవాలి. అవసరం లేకుండా వాడకూడదు. అవసరం ఉంటే భయపడనక్కర్లేదు. ఒక్కసారిగా మానేస్తే మాత్రం అణిగి ఉన్న ఆమ్లం ఎగదన్ని కొన్ని వారాలు మంట రెట్టింపవుతుంది. చూశావా, మాత్రకి బానిసనయ్యాను అనుకుంటారు. డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గించుకుంటే ఆ బెడద ఉండదు.

పాన్ పక్కన 'డి' ఉన్న మాత్ర సంగతి వేరు. అందులో డోంపెరిడోన్ కూడా కలిసి ఉంటుంది. గుండె లయ తప్పే జబ్బు ఉన్న పెద్దవాళ్లు దాన్ని షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి మింగడం మంచిది కాదు.

మంచం కోళ్ల కింద చెక్కలు

రాత్రిపూట ఆమ్లం పైకి రాకుండా తల ఎత్తులో ఉండాలంటారు. వెంటనే అందరం చేసే పని ఇంకో దిండు వేసుకోవడం. దాంతో మెడ, నడుం వంగి పొట్ట నొక్కుకుపోతుంది, పైగా మెడనొప్పి. ఎత్తాల్సింది తలని కాదు, మంచాన్ని. తలవైపు రెండు కోళ్ల కింద ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు. కొందరు ఇటుకలు పెడతారు. నేను వడ్రంగితో రెండు చెక్క దిమ్మలు చేయించాను, కోడు జారకుండా మధ్యలో గుంట తవ్వించి. మొదటి వారం మా ఆవిడ "రాత్రంతా కాళ్లవైపుకి జారిపోతున్నానండీ, మీ జబ్బుకి నాకు శిక్షా?" అని దెప్పింది. తర్వాత అలవాటైంది. ఎడమవైపు తిరిగి పడుకోవడం కూడా పనిచేస్తుంది. అలా పడుకున్నప్పుడు జీర్ణాశయంలోని ఆమ్లం అన్నవాహిక ద్వారం కన్నా కింద ఉండిపోతుంది.

ఇక తిండి. డాక్టర్లు ఇచ్చే కాగితంలో కారం, పులుపు, నూనె, కాఫీ, టీ, చాక్లెట్ అన్నీ వద్దనే ఉంటాయి. మిగిలేది గంజి. నా అభిప్రాయం, ఏం తిన్నాం అన్నదానికన్నా ఎప్పుడు, ఎంత తిన్నాం అన్నదే ఎక్కువ బాధపెడుతుంది. మధ్యాహ్నం అన్నంలో ఆవకాయ నన్ను ఏమీ అనలేదు. రాత్రి సీరియళ్లయ్యాక కడుపునిండా పెరుగన్నం తిని పది నిమిషాల్లో నడుం వాలిస్తే మాత్రం తెల్లవార్లూ జాగరణే. రాత్రి భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉండాలంటే ఏడింటికే తినాలి. మన ఇళ్లలో అది చెప్పినంత తేలిక కాదు. నైట్ షిఫ్టుల్లో ఉన్న సాఫ్ట్‌వేర్ పిల్లలకైతే ఇంకా కష్టం. అయినా ఇంతకు మించిన మందు లేదు, ఒక్క బరువు తగ్గడం తప్ప. పొట్ట చుట్టూ కొవ్వు లోపలి నుంచి జీర్ణాశయాన్ని పైకి తోస్తుంది. బిగించిన బెల్టు, లంగా బొందు బయటి నుంచి తోస్తాయి. యోగా చేసేవాళ్లు తిన్న వెంటనే ముందుకు వంగే ఆసనాలు, తలకిందులయ్యే శీర్షాసనం, సర్వాంగాసనం వేయకూడదు. పరగడుపున వాకిట్లో ముగ్గుకి వంగినా చాలామందికి ఏమీ కాదు, కడుపు ఖాళీ కదా.

ఇవన్నీ చేశాక మంట మాత్రతో అణిగిపోయింది. అయినా ఒకసారి సర్జన్‌ని కలిశాను. ఆయన రిపోర్టు తిరగేసి, "మాత్ర వేసుకుంటే బాగుంటోందా?" అన్నారు. "బాగానే ఉంటోందండీ." "రాత్రి నిద్ర?" "పడుతోందండీ." "మరి నా దగ్గరికెందుకొచ్చారు?" అని నవ్వారు. మంచి సర్జన్‌ని గుర్తుపట్టడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఇస్తాంబుల్‌లో వేసిన మొదటి చుట్టు

ఇప్పుడు ప్రపంచమంతా చేస్తున్న ఆపరేషన్ పుట్టింది రుడాల్ఫ్ నిసెన్ చేతుల్లో. ఆయన జర్మనీకి చెందిన యూదు సర్జన్. 1933లో హిట్లర్ అధికారంలోకి రాగానే బెర్లిన్ విడిచి టర్కీ వెళ్లి, ఇస్తాంబుల్‌లో ఆచార్యుడయ్యాడు. అక్కడ 1936లో 28 ఏళ్ల కుర్రాడికి అన్నవాహిక కింది భాగంలో పుండు వస్తే ఆ ముక్క తీసేసి, అతుకు విడిపోకుండా జీర్ణాశయం గోడనే దాని చుట్టూ కప్పి కుట్టాడు. ఆయన ఉద్దేశం అతుకుని కాపాడటమే. ఏళ్లు గడిచాక చూస్తే ఆ రోగికి ఆమ్లం పైకి రావడమన్నదే లేదు. ఈ సంగతి నిసెన్ మనసులో ఉండిపోయింది. తర్వాత అమెరికా వెళ్లాడు. అక్కడ 1948లో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ పొట్టలోని ప్రధాన ధమని ఉబ్బితే దానికి సెలోఫేన్ కాగితం చుట్టి ఆపరేషన్ చేసింది ఈయనే. ఐన్‌స్టీన్ ఆ తర్వాత ఆరేళ్లకు పైగా బతికాడు. నిసెన్ చివరికి స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో స్థిరపడ్డాక, జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ పూర్తిగా తిప్పి కుట్టే పద్ధతిని 1956లో ప్రచురించాడు. అదే నిసెన్ ఫండోప్లికేషన్.

చుట్టు మరీ బిగుతైతే మింగడం కష్టమవుతుంది. ఫ్రెంచి సర్జన్లు డోర్, టూపే 1960ల తొలినాళ్లలో సగమో, ముప్పావో చుట్టే పద్ధతులు తెచ్చారు. ఇవాళ ఎక్కువమంది సర్జన్లు పేషెంటుని బట్టి ఈ మూడింట్లో ఒకటి ఎంచుకుంటారు. 1991 నుంచి లాప్రోస్కోపీ వచ్చింది. పొట్ట మీద అయిదు చిన్న గాట్లతో పని పూర్తవుతుంది. జీర్ణాశయాన్ని ఛాతీలోంచి కిందికి దించి, రెండు మూడు సెంటీమీటర్ల అన్నవాహిక పొట్టలో ఉండేలా చూసి, డయాఫ్రమ్ రంధ్రాన్ని కుట్లతో బిగించి, ఆపైన చుట్టు వేస్తారు. అంతా సవ్యంగా జరిగితే రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపిస్తారు.

ముక్కులో గొట్టం, నడుముకి పెట్టె

వదినకి ఆపరేషన్ అనే ముందు రెండు పరీక్షలు తప్పవన్నారు. మొదటిది మేనోమెట్రీ. ముక్కు గుండా సన్నని గొట్టం పంపి, గుక్కెడు గుక్కెడు నీళ్లు మింగిస్తూ అన్నవాహిక ఎంత బలంగా నెడుతోందో కొలుస్తారు. ఇది వదిలేస్తే కొంప మునుగుతుంది. అకలేషియా అనే జబ్బులో కూడా తిన్నది వెనక్కి వస్తుంది, కాకపోతే అక్కడ తలుపు తెరుచుకోకపోవడమే జబ్బు. అలాంటివాళ్లకి పొరపాటున చుట్టు వేస్తే మంచినీళ్లు కూడా దిగవు.

రెండోది 24 గంటల పీహెచ్ పరీక్ష. ఇందులోనూ ముక్కులోంచి తీగలాంటి గొట్టం వేసి, చెంప మీద టేపు అంటించి, నడుముకి ఒక పెట్టె కడతారు. తిన్నప్పుడు ఒక మీట, పడుకున్నప్పుడు ఒకటి, మంట వచ్చినప్పుడు ఇంకొకటి నొక్కాలి. వదిన ముక్కు మీదుగా కొంగు కప్పుకుని ఆటోలో ఇంటికొచ్చింది. "రోజూ ఏం తింటావో అదే తిను, ఉపవాసం ఉంటే పరీక్ష దండగట" అని మా అన్నయ్య పప్పుచారు వడ్డిస్తే, గొట్టం గొంతులో తగులుతుంటే ఒక్కో ముద్దా మింగింది. రోజులో ఆరు శాతం కన్నా ఎక్కువసేపు అన్నవాహికలో ఆమ్లం ఉంటే జబ్బు ఖాయమని లెక్క. వదినది అంతకు బాగా పైనే వచ్చింది.

ఈ పరీక్షలు అన్ని ఊళ్లలో ఉండవు. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వంటి పెద్ద కేంద్రాలకి వెళ్లాల్సి వస్తుంది. ఖర్చు, ప్రయాణం, అసౌకర్యం అని వీటిని దాటేయొద్దు.

సర్జన్ వదినని అడిగిన ప్రశ్న నాకిప్పటికీ గుర్తు. "అమ్మా, మీకు మంట తగ్గాలా, నోట్లోకి రావడం ఆగాలా?"

"మంట మాత్రతో తగ్గుతోంది డాక్టరుగారూ. క్లాసులో వంగితే అన్నం నోట్లోకి రాకుండా చూడండి, చాలు."

"అయితే ఆపరేషన్ మీకు పనికొస్తుంది. మాత్ర ఆమ్లాన్ని తగ్గిస్తుందమ్మా, తలుపు మాత్రం వేయలేదు."

మా ఇద్దరికీ తేడా అదే. నాది మాత్రకి లొంగే మంట, వదినది మాత్రకి లొంగని పొర్లుబాటు. మంట మాత్రతో తగ్గి, తిన్నది వెనక్కి రావడం తగ్గనివాళ్లకి, పరీక్షల్లో ఆమ్లం రుజువైనవాళ్లకి, మందు పడనివాళ్లకి ఆపరేషన్ ఎక్కువగా కలిసొస్తుంది. మాత్ర అసలు ఏమాత్రం పనిచేయనివాళ్లకి, పరీక్షలు మామూలుగా ఉన్నవాళ్లకి కలిసిరాదు. క్యాన్సర్ రాకుండా ముందుజాగ్రత్తగా చేయించుకుందామన్న ఆలోచన కూడా పనికిరాదు. ఆ విషయంలో మాత్రల కన్నా ఆపరేషన్ మెరుగని తేలలేదు. బాగా లావుగా ఉన్నవాళ్లకి ఈ చుట్టు కన్నా గ్యాస్ట్రిక్ బైపాస్ మంచి ఫలితం ఇస్తుంది, బరువూ తగ్గుతారు. బరువు కోసం చేసే స్లీవ్ ఆపరేషన్ మాత్రం ఆమ్లాన్ని ఇంకా పైకి ఎగదోయవచ్చు. హెర్నియా ఉన్న సంగతి ఆ సర్జన్‌కి ముందే చెప్పాలి.

చపాతీ లేని రోజులు

ఆపరేషన్ అయ్యాక మొదటి రోజుల్లో గంజి, పల్చటి మజ్జిగ, వడగట్టిన చారు. తర్వాత రాగి జావ, మెత్తగా మెదిపిన పెసరపప్పు అన్నం, సాంబారులో నానిన ఇడ్లీ. చపాతీ, బ్రెడ్డు, మాంసం, సోడా కొన్ని వారాలు బంద్. చుట్టు దగ్గర వాపు ఉంటుంది కాబట్టి ముద్ద అడ్డం పడుతుంది. అందరికీ ఇలాగే ఉంటుందని ముందే తెలియకపోతే ఆపరేషన్ వికటించిందని హడలిపోతారు. నెలన్నర దాకా బిందెలెత్తడం, గ్యాస్ సిలిండరు జరపడం కుదరదు. ఒంటరిగా ఇల్లు నడిపే ఆడవాళ్లు ఈ సంగతి ముందే చూసుకోవాలి.

తేన్పు రాకపోవడం ఇంకో వింత. గట్టి చుట్టు వేస్తే గాలి పైకి రాదు, కావాలన్నా వాంతి చేసుకోవడం కష్టమవుతుంది. ఆ గాలంతా కిందికే పోవాలి. "స్టాఫ్ రూములో కూర్చోవాలంటే భయంగా ఉందయ్యా, నువ్వు ఇదేమీ చెప్పలేదేం?" అని వదిన నన్ను కోప్పడింది. కొన్ని నెలలకి చాలావరకు సర్దుకుంది. ఇప్పుడు రాత్రిళ్లు దగ్గు లేదు, ఇన్హేలరు ఎక్కడుందో కూడా ఆమెకి గుర్తులేదు.

అందరి కథా ఇలా ముగియదు. యూరప్‌లోని 11 దేశాల్లో 554 మంది మీద జరిగిన లోటస్ పరిశోధనలో అయిదేళ్ల తర్వాత చూస్తే మందు మీద ఉన్నవాళ్లలో 92 శాతం, ఆపరేషన్ అయినవాళ్లలో 85 శాతం మంది జబ్బు అదుపులో ఉంది. అంటే మందు పనిచేసేవాళ్లకి రెండూ దాదాపు సమానమే. స్వీడన్‌లో లాప్రోస్కోపీ ఆపరేషన్ అయిన 2655 మందిని ఏళ్లపాటు గమనిస్తే 17.7 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. వాళ్లలో ఎక్కువమంది మళ్లీ మాత్రల్లోకి వచ్చారు, కొద్దిమంది రెండో ఆపరేషన్ చేయించుకున్నారు. 'ఒక్కసారి చేయించుకుంటే జీవితాంతం మాత్ర అక్కర్లేదు' అని ఎవరైనా హామీ ఇస్తే ఆ అంకె గుర్తు తెచ్చుకోండి. రెండో ఆపరేషన్ మొదటిదానికన్నా కష్టమైనది కూడా.

పక్క నుంచి దూరే రకం

ముందు వాయిదా వేసిన రకం సంగతి. దీనిలో జీర్ణాశయం సగమో, మొత్తమో, ఒక్కోసారి పెద్దపేగుతో సహా ఛాతీలోకి చేరుతుంది. నడుం వంగిన పెద్దవయసు ఆడవాళ్లలో ఎక్కువ. రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం, తిన్నాక ఆయాసం, రక్తహీనత దీని గుర్తులు. ఇదివరకు ఈ రకం కనబడితే చాలు, జీర్ణాశయం మెలిపడుతుందన్న భయంతో ఆపరేషన్ చేసేసేవారు. 2002లో వచ్చిన ఒక విశ్లేషణ ఆ ధోరణి మార్చింది. ఏ బాధా లేనివాళ్లకి అత్యవసర ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం ఏడాదికి సుమారు ఒక శాతమేనని అది లెక్కగట్టింది. అందుకే బాధ లేని పెద్దవాళ్లని ఇప్పుడు కనిపెట్టుకుని ఉండటమే ఎక్కువ. బాధ ఉన్నవాళ్లకి, రక్తం పోతున్నవాళ్లకి మాత్రం ఒంట్లో ఓపిక ఉండగానే చేయించడం మంచిది. బామ్మగారికి అలాగే చేశారు, రక్తం ఎక్కించే పని తప్పింది.

ఒక్క ప్రమాద సూచన మాత్రం ఇంట్లో అందరికీ తెలియాలి. పొట్ట పైభాగంలో హఠాత్తుగా భరించలేని నొప్పి, వాంతి వస్తున్నట్టే ఉండి ఏమీ రాకపోవడం, ఉమ్ము కూడా మింగలేకపోవడం. జీర్ణాశయం మెలిపడి ఉండవచ్చు. తెల్లారేదాకా ఆగకూడదు, అప్పటికప్పుడే పెద్దాస్పత్రికి తీసుకెళ్లాలి.

చాలా బీమా పాలసీల్లో హెర్నియాలకి కొంతకాలం వేచి ఉండే షరతు ఉంటుంది. తేదీ ఖాయం చేసేముందు పాలసీ కాగితం చదవండి. ఆరోగ్యశ్రీ కార్డున్నవాళ్లు నెట్‌వర్క్ ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రని ముందే అడగండి.

సర్జన్ దగ్గరికి వెళ్లినప్పుడు మూడు మాటలు అడగడానికి మొహమాటపడొద్దు. ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు? నాకు పూర్తి చుట్టా, సగం చుట్టా, ఎందుకు? తిరగబెడితే ఏం చేస్తారు? ఈ ఆపరేషన్‌లో ఫలితం చాలావరకు చేసే చెయ్యి మీదే ఆధారపడి ఉంటుంది. ఓపిగ్గా జవాబిచ్చేవారి దగ్గరే చేయించుకోండి. విసుక్కుంటే ఫైలు తీసుకుని వచ్చేయండి. జారుడు రకం హెర్నియాకి తొందర లేదు, ఇంకొకరి అభిప్రాయం తీసుకునేంత వ్యవధి ఎప్పుడూ ఉంటుంది.